దౌడ్ మనది, దావ్ ఎవరిది?



మన ఇళ్లలో ‘రేస్’ అనే మాటకు ఒక్కటే మానీ. జూవా. ‘ఫలానా ఆయన రేసులకు పోతాడట’ అని ఎవరైనా అంటే చాలు, దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్న ఖాలాలు, ఫుప్పులు చెవులు పట్టుకుని ‘తౌబా తౌబా’ అంటారు. ఆ ఇంటికి పిల్లనివ్వాలంటే పదిమందిని అడిగి తహ్‌కీక్ చేస్తారు. వాళ్లది బేకార్ భయం కాదు. రేసుల్లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ఖాందాన్లు మన మధ్యే ఉన్నాయి.

కానీ అదే ఇంట్లో గుర్రానికి ఎంత ఇజ్జత్ ఉందో చూడండి. మొహర్రం నెలలో కర్బలా కథ చెప్పేటప్పుడు ఇమామ్ హుసైన్ (రజి) గుర్రం జుల్‌జనా దగ్గరికి రాగానే అమ్మీల గొంతు జీరబోతుంది. పిల్లలు మక్తబ్‌లో ఆదియాత్ సూరా హిఫ్జ్ చేస్తారు. రొప్పుతూ, గిట్టల కింద నిప్పురవ్వలు లేపుతూ పరుగెత్తే గుర్రాల మీద అల్లాహ్ తాలా ప్రమాణం చేసిన సూరా అది. మరి గుర్రం అంటే ఇజ్జత్, గుర్రప్పందెం అంటే బేఇజ్జతీ ఎలా అయింది? ఈ రెంటినీ ఎవరు ముడేశారు? ఎవరు విడదీశారు? మళ్లీ ఎవరు ముడేశారు?

మొన్న చలికాలం సీజన్‌లో ఒక ఆదివారం మేం నలుగురు దోస్తులం మలక్‌పేట రేస్‌కోర్సుకు పోయాం. ఒకరు వకీల్ సాబ్, ఒకరు హాఫిజ్ సాబ్, ఒకరు లెక్కల మాస్టారు, నాలుగోవాణ్ని నేను. బయల్దేరే ముందే షరతు పెట్టుకున్నాం. జేబులోంచి ఒక్క రూపాయి కూడా పందెం మీద పెట్టేది లేదు. గుర్రాలు చూడాలి, గప్పాలు కొట్టాలి, చాయ్ తాగాలి, వాపస్ రావాలి. అంతే ప్రోగ్రాం. ఆరోజు చూసిన తమాషా, దాని వెనకున్న తారీఖ్ రెండూ కలిపి చెప్తాను.

ముందు ఆ జాగా సంగతి. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర పనిచేసిన మలిక్ యాఖూబ్ పేరు మీద మలక్‌పేట వెలసిందని చెప్తారు. హైదరాబాద్‌లో రేసులు మొదలైంది మాత్రం ఇక్కడ కాదు, 1868లో మౌలా అలీ దగ్గర. వాటిని మలక్‌పేటకు తెచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. అది 1886. ఆయన పుట్టింది 1866లో, అంటే అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు. సల్తనత్ పగ్గాలు చేతికొచ్చి రెండేళ్లే అయింది. షికార్ అంటే జాన్, గుర్రాలంటే జాన్. దగ్గర్లోనే ఆయన మహబూబ్ మాన్షన్ ఉండేది. మహల్‌కు దగ్గరగా ఉండాలనే మైదానాన్ని ఇక్కడికి మార్చాడని చెప్తారు.

ఇప్పుడు మహబూబ్ మాన్షన్ అంటే మన జనానికి గుర్తొచ్చేది ఉల్లిగడ్డల మార్కెట్. ధర ఎంత పలికిందని అడిగేవాళ్లే తప్ప ఆ మాన్షన్‌లో ఎవరున్నారని అడిగేవాళ్లు లేరు. పాద్‌షా పోయాడు, మహల్ పాడుబడింది, పాద్‌షాగారి షౌఖ్ మాత్రం మిగిలింది. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది. ఇవాళ్టికీ వానాకాలం ఒక సీజన్, చలికాలం ఒక సీజన్ రేసులు జరుగుతూనే ఉన్నాయి.

మెట్రో దిగి లోపలికి పోగానే మేం చూసింది పాడక్. రేసుకు ముందు గుర్రాలను గుండ్రంగా తిప్పి చూపించే చోటు అది. ఒక్కో గుర్రం పక్కన ఒక్కో సాయిసు. నున్నగా దువ్విన ఒళ్లు, ఎండలో కంచులా మెరుస్తోంది. ఒకటి చెవులు నిక్కబొడుచుకుని నాజూగ్గా నడుస్తోంది, ఇంకొకటి కొత్త పెళ్లికొడుకులా చెమటలు కక్కుతోంది. రంగురంగుల చొక్కాలు వేసుకున్న జాకీలు వచ్చి సవారీకి ఎక్కారు. ఎంత చిన్న మనుషులో! లెక్కల మాస్టారు వాళ్లను చూసి, తన పొట్టను చూసుకుని ‘యా అల్లాహ్’ అన్నాడు.

మేం చేతిలో పట్టుకున్న రేసు పుస్తకంలో ప్రతి గుర్రం పేరు కింద దాని తండ్రి పేరు, తల్లి పేరు రాసి ఉన్నాయి. ‘అరే, వీటికీ షజరా ఉందా!’ అని వకీల్ సాబ్ హైరాన్ అయ్యాడు. ఉంది మరి. మన షజరా కన్నా పక్కాగా ఉంది. మనలో ఎంతమందిమి ముత్తాత పైన ఇంకో పేరు చెప్పగలం? రేసు గుర్రాల వంశావళిని 1791 నుంచే ఇంగ్లండులో పుస్తకంగా అచ్చువేస్తున్నారు. థరోబ్రెడ్ అనే ఈ జాతి మొత్తానికి మూలపురుషులు మూడు మగ గుర్రాలు. మూడూ తూర్పు నుంచి పోయినవే.

మొదటిది బయర్లీ టర్క్. తుర్కుల ఫౌజ్ నుంచి పట్టుబడిన గుర్రమని చెప్తారు. దాని మీదెక్కి ఒక ఇంగ్లీషు ఫౌజీ అధికారి 1690లో ఐర్లండులో బోయిన్ జంగ్‌లో పాల్గొన్నాడు. రెండోది డార్లీ అరేబియన్. థామస్ డార్లీ అనే అంగ్రేజ్ దాన్ని షామ్ దేశంలోని హలబ్ నగరంలో కొని, 1704లో యార్క్‌షైర్‌లోని తన ఇంటికి పంపాడు. మూడోది గోడాల్ఫిన్ అరేబియన్. ట్యునిస్ నుంచి ఫ్రాన్స్ మీదుగా ఇంగ్లండు చేరిందంటారు. జన్యువులు పరీక్షించినవాళ్లు చెప్పేదేమిటంటే, ఇవాళ లోకంలో ఉన్న మగ థరోబ్రెడ్‌లలో సుమారు 95 శాతం తండ్రి వైపు నుంచి ఆ హలబ్ గుర్రం ఔలాదే. మలక్‌పేటలో మా ముందు నడిచిన వాటిలో చాలావాటి పర్‌దాదా షామ్ నుంచి వచ్చినవాడన్నమాట!

మన దక్కన్‌కూ అరబ్బు గుర్రాలకూ ఉన్న రిష్తా దానికన్నా పాతది. మన దగ్గర ఫౌజ్‌కు పనికొచ్చే గుర్రాలు పెద్దగా పెరిగేవి కావు. ఓడల మీద హుర్ముజ్ నుంచి, అరబ్బు రేవుల నుంచి రావలసిందే. మన చంద్రగిరి నుంచి పోయి విజయనగర గద్దెనెక్కిన సాళువ నరసింహరాయలు గుర్రాలను మూడింటికి వెయ్యి వరహాల చొప్పున, బతికినా చచ్చినా కొనేవాడట. దారిలో సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి దాని తోక తెచ్చి చూపిస్తే చాలు, పూర్తి ఖీమత్ ఇచ్చేసేవాడట. ఈ సంగతి రాసినవాడు ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల తాజిర్. తర్వాత శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్తూ, దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్లు, మంచి ఇళ్లు ఇచ్చి, కొలువులో మర్యాద చేసి దగ్గర పెట్టుకోవాలన్నాడు. లేకపోతే ఆ గుర్రాలు దుష్మన్ లాయంలోకి పోతాయి.

తెలుగు మాటల్లోనూ ఆ రాకపోకల గుర్తులు ఉండిపోయాయి. జీను ఫార్సీ, లగాము ఫార్సీ, సవారీ ఫార్సీ, సాయిసు అరబ్బీ. గుర్రం మీద తెలుగువాడు ఎక్కినా, కింద దిగినా సగం మాటలు మన జబాన్‌వే.

ఇక అసలు తమాషాకొస్తే, మొదటి రేసు ముందు మాలో మాకే పోటీ పెట్టుకున్నాం. వకీల్ సాబ్ పాత రికార్డు చూసి ఒక గుర్రాన్ని ఎంచుకున్నాడు. లెక్కల మాస్టారు బరువుల లెక్క చూశాడు. ఎక్కువ రేసులు గెలిచిన గుర్రం మీద ఎక్కువ బరువు వేస్తారని, జాకీ బరువు చాలకపోతే జీనుతో పాటు సీసం ముక్కలు పెడతారని నాకు అప్పుడే తెలిసింది. హాఫిజ్ సాబ్ నుదుట తెల్లమచ్చ, కాళ్లకు తెల్లపట్టీలు ఉన్న ఎర్రగుర్రాన్ని చూపించి, అలాంటి గుర్రాన్ని హదీసులో మెచ్చుకున్నారని చెప్పి అదే తనదన్నాడు.

‘సరే, ఓడినోళ్లు చాయ్ పోయించాలి’ అన్నాడు వకీల్ సాబ్.

‘అది కూడా జూవాయే సాబ్’ అన్నాడు హాఫిజ్ సాబ్, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

‘చాయ్‌కు కూడానా?’

‘చాయ్‌కైనా, చార్మినార్‌కైనా. రెండు వైపులా పెట్టి, ఓడినోడిది గెలిచినోడు తీసుకుంటే అది ఖిమార్.’

నేను ఏ గుర్రాన్నీ ఎంచుకోలేదు. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా చాయ్ నాదేనన్నాను. మస్‌అలా హల్ అయింది. నా జేబుకు చిల్లు పడింది.

గేట్లు ఫటాల్న తెరుచుకున్నాయి. దూరంగా ఉన్నంతసేపు అదొక రంగుల గీతలా కనిపించింది. మలుపు తిరిగి మా వైపు రాగానే ముందు కాళ్ల కింది నేల అదిరింది, తర్వాత చప్పుడు వినిపించింది. టీవీలో ఆ చప్పుడు రాదు. గుండెలో కొట్టినట్టుంటుంది. చుట్టూ జనం ‘మార్ బేటే మార్! అరే హౌలే, ఛోడ్ ఉస్కో!’ అని అరుస్తున్నారు. మా హాఫిజ్ సాబ్ కూడా టోపీ చేత్తో పట్టుకుని బెంచీ మీద నిలబడ్డాడు. ఒక నిమిషం చిల్లరలో అంతా ఖతం. గెలిచింది మా ముగ్గురిలో ఎవరూ కన్నెత్తి చూడని గుర్రం! వకీల్ సాబ్‌ది మూడోది, మాస్టారుది నాలుగోది, హాఫిజ్ సాబ్ ఎర్రగుర్రం చివరి నుంచి రెండోది. ‘ఖైర్, ఖూబ్‌సూరతీ వేరు, రఫ్తార్ వేరు’ అన్నాడు హాఫిజ్ సాబ్. కడుపు నొప్పెట్టేలా నవ్వుకున్నాం.

రేసుకూ రేసుకూ మధ్య చాలా టైం ఉంటుంది. ఆ టైంలో హాఫిజ్ సాబ్ చెప్పిన రెండు పాత రేసుల కథ నాకు మైదానంలో రేసుల కంటే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఒకటి జాహిలియ్యా జమానాది. అరబ్బుల్లో అబ్స్ అనే ఖబీలా, జుబ్యాన్ అనే ఖబీలా ఉండేవి. అబ్స్ సర్దార్ ఖైస్ బిన్ జుహైర్, జుబ్యాన్ సర్దార్ హుజైఫా బిన్ బద్ర్ ఒంటెలు పందెం కాసి గుర్రాలు పరుగెత్తించారు. దాహిస్ అని ఒక మగ గుర్రం, గబ్రా అని ఒక ఆడ గుర్రం. దాహిస్ ముందుంటే దాన్ని ఆపమని దారిలో ముందే మనుషుల్ని దాచిపెట్టారు. ధోకా బయటపడింది. మాటామాటా పెరిగి కత్తులు లేచాయి. దాహిస్, గబ్రా జంగ్ అని తారీఖ్‌లో పేరుపడిన ఆ లడాయి నలభై ఏళ్లు సాగిందని చెప్తారు. కవి, యోధుడు అంతరా పోరాడింది ఆ జంగ్‌లోనే. రెండు గుర్రాలు కొన్ని నిమిషాలు పరుగెత్తాయి, రెండు ఖబీలాలు ఒక తరం పాటు చచ్చాయి.

రెండోది మదీనాది. అదే అరబ్బులు, అవే గుర్రాలు. ప్రవక్త (స) అక్కడ గుర్రప్పందాలను బంద్ చేయలేదు. స్వయంగా పెట్టించారు. బుఖారీ షరీఫ్‌లో ఆ రేసుల దారి, దూరం కూడా ఉన్నాయి. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా దాకా, అంటే ఐదారు మైళ్లు. తర్ఫీదు లేనివాటికి అక్కడి నుంచి బనూ జురైఖ్ మసీదు దాకా, ఒక మైలు. అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) అందులో పాల్గొన్నారు. ఆయన గుర్రం మొదట వచ్చి, ఆగకుండా మసీదు మీదుగా దూకేసిందని సహీహ్ ముస్లింలో ఉంది. తర్ఫీదు అంటే ఏమిటో కూడా ఉలమా రాశారు. ముందు బాగా మేపి బలిసేలా చేస్తారు, తర్వాత మేత తగ్గించి, గుడ్డలు కప్పి లోపల కట్టేస్తే చెమట పట్టి, ఒంట్లో కొవ్వు పోయి కండ గట్టిపడుతుంది.

ఒంటె, గుర్రం, బాణం పోటీల్లో ఇనామ్‌కు ఇజాజత్ ఉంది. దాన్ని హాకిమ్ ఇవ్వొచ్చు, పోటీలో లేని మూడోమనిషి ఇవ్వొచ్చు. ఇద్దరూ తమ సొమ్ము పెట్టి, గెలిచినోడు ఓడినోడి సొమ్ము తీసుకుపోతే అది జూవా. పక్కన నిలబడి చూసేవాడు పెట్టే పందెం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. అంటే దౌడ్‌ను ఉంచారు, దావ్‌ను తీసేశారు. గుర్రాన్ని, మనిషి మెహనత్‌ను, పోటీలోని ఖుషీని ఉంచి, నలభై ఏళ్ల జంగ్‌ను పుట్టించిన దాన్ని మాత్రం కోసి పారేశారు.

వెయ్యేళ్లు దాటాక హలబ్ నుంచి గుర్రం ఇంగ్లండు పోయింది. అక్కడ నవాబులు దాని ఔలాద్‌ను పెంచి, మళ్లీ దావ్‌ను జోడించారు. అంగ్రేజోళ్లు హిందుస్తాన్‌కు వచ్చినప్పుడు రేస్‌కోర్సుతో పాటు బుకీని కూడా తెచ్చారు. 1867లో పారిస్‌లో జోసెఫ్ ఓలర్ అనే ఆయన కొత్త తరీఖా కనిపెట్టాడు. అందరి పందేలూ ఒకే కుప్పలో వేసి, కొంత తీసేసి, మిగిలింది గెలిచినోళ్లకు పంచడం. ఇవాళ టోట్ అంటున్నది అదే. మన పాద్‌షా మౌలా అలీ నుంచి మలక్‌పేటకు మైదానం మార్చేనాటికే మన ఘోడా వాళ్ల హిసాబ్‌తో కలిసిపోయి తిరిగొచ్చింది.

వకీల్ సాబ్ ఊరుకుంటాడా! ‘గుర్రప్పందెం హునర్ మీద ఆధారపడ్డ ఆట, కేవలం ఖిస్మత్ ఆట కాదు అని సుప్రీంకోర్టు 1996లోనే ఫైసలా ఇచ్చింది. డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసు’ అన్నాడు. నిజమే. కానూన్ అలాగే ఉంది. గుర్రాన్ని తయారు చేయడంలో హునర్ ఉంది, నడపడంలో ఉంది, గుర్తుపట్టడంలో కూడా ఉంది.

అప్పుడు లెక్కల మాస్టారు పుస్తకం వెనక పెన్నుతో రాసి చూపించాడు. ‘పదిమంది తలా వంద పెడితే కుప్ప వెయ్యి. అందులోంచి ప్రభుత్వం పన్ను పోవాలి, నిర్వహణ ఖర్చు పోవాలి. మిగిలింది వెయ్యి కంటే ఎప్పుడూ తక్కువే. ఒకరోజు ఒకడు గెలవొచ్చు. కానీ ఆ పదిమందీ కలిసి ఇంటికి తీసుకుపోయేది, కలిసి తెచ్చినదాని కంటే తక్కువే. వాళ్లు రోజూ వస్తే రోజూ తక్కువే. దీనికి ఫత్వా అక్కర్లేదు, నాలుగో తరగతి తీసివేత చాలు.’

తర్వాత కాసేపు ఊరుకుని ఇంకో మాట చెప్పాడు. ముప్పై ఏళ్ల దోస్తీలో ఎప్పుడూ చెప్పని మాట. వాళ్ల అబ్బా చిన్న ఊళ్లో కిరాణా దుకాణం నడిపేవాడు. ఊళ్లో దొంగచాటుగా పందేలు రాసుకునే ఒకడి దగ్గర గుర్రాల నంబర్లు రాయించడం మొదలుపెట్టాడు. ముందు గల్లా పోయింది, తర్వాత అమ్మీ నగలు, తర్వాత దుకాణం. ‘తమాషా ఏంటో తెలుసా? మా అబ్బా జిందగీలో ఒక్కసారి కూడా రేసు చూడలేదు. ఆయనకు గుర్రమంటే కాగితం మీద ఒక నంబర్. నా బచ్‌పన్‌ను తినేసింది ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను. చూస్తే ఇంత ఖూబ్‌సూరత్ జాన్వర్! దీని కసూర్ ఏముంది?’

మాలో ఎవరికీ జవాబు రాలేదు. హాఫిజ్ సాబ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, గుర్రాలు మూడు రకాలని చెప్పే హదీసు ఒకటుందన్నాడు. ఒకడికి గుర్రం సవాబ్, ఒకడికి పేదరికాన్ని కప్పే పర్దా, ఒకడికి గునాహ్ బరువు. జాన్వర్ అదే, యజమాని నియ్యత్‌ను బట్టి దాని రకం మారుతుంది.

అసర్ నమాజ్ చేసుకుని, మాట ప్రకారం నేను చాయ్ పోయించాను. ఆ చాయ్‌ఖానాలో ఒక ముసలాయన కలిశాడు. ఎన్నో ఏళ్లు సాయిసుగా పనిచేశాడట. అరచేతులు కాయలు కాచి ఉన్నాయి. తెల్లారకముందే లేవడం, గుర్రాన్ని నడిపించడం, ఒళ్లు రుద్దడం, గిట్టల్లో ఇరుక్కున్న రాయి తీయడం, దానికి కడుపునొప్పి వస్తే రాత్రంతా పక్కనే మేలుకుని తిప్పడం. ఇదీ ఆయన జిందగీ. ‘చాచా, మీరు ఎప్పుడన్నా పందెం కట్టారా?’ అని అడిగాను. నవ్వాడు. ‘బాబూ, దాని కాలు నొప్పి నాకు తెలుసు. అది మేత తినని రోజు నేనూ తినలేదు. నా బచ్చా మీద నేను పైసలు కడతానా?’

పాద్‌షా పేరు తారీఖ్‌లో ఉంది. గుర్రం పేరు, దాని అబ్బా పేరు, అమ్మీ పేరు పుస్తకంలో ఉన్నాయి. రాత్రంతా మేలుకున్న ఈ చాచా పేరు ఎక్కడా లేదు. మన షాన్ అని చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే, నాకైతే ఆ కాయలు కాచిన చేతులే.

ఇప్పుడు దావ్‌కు మైదానం కూడా అక్కర్లేదు. పిల్లల ఫోన్లోకే వచ్చేసింది. గుర్రం లేదు, ఆట లేదు, కళ్లముందు ఏమీ లేదు, నంబర్లే. అందుకే మీ పిల్లలకు ‘రేస్ హరామ్’ అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. హరామ్ అయింది ఏదో, ఎందుకో విప్పి చెప్పండి. దాహిస్, గబ్రా కథ చెప్పండి. అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) గుర్రం మసీదు మీదుగా దూకిన కథ చెప్పండి. హలబ్ గుర్రం సఫర్ చెప్పండి. వీలైతే గుర్రం స్వారీ నేర్పించండి. జీను మీద కూర్చుని గుర్రం ఊపిరి విన్న పిల్లాడికి, నంబర్ మీద పైసలు పెట్టడం పిచ్చి పనిలా కనిపిస్తుంది.

వాళ్లకు చెప్పాల్సిన కథ ఇంకొకటుంది. ప్రవక్త (స) దగ్గర అజ్బా అనే ఒంటె ఉండేది. ఏ పోటీలోనూ దాన్ని దాటిన ఒంటె లేదు. ఒకరోజు ఎడారి నుంచి వచ్చిన ఒక బద్దూ తన కుర్ర ఒంటె మీద దాన్ని దాటేశాడు. సహాబాలకు చాలా కష్టమనిపించింది. ప్రవక్త (స) మాత్రం, ఈ దునియాలో పైకి లేచిన ప్రతిదాన్నీ కిందికి దించడం అల్లాహ్ హఖ్ అని వాళ్లకు సర్దిచెప్పారు. ఆ బద్దూని ఎవరూ కోప్పడలేదు, ఎవరి సొమ్మూ పోలేదు, ఏ జంగ్ మొదలవలేదు.

అల్లాహ్ మన పిల్లలకు పరుగెత్తే తాఖత్ ఇవ్వాలి, ఓడినా నవ్వే దిల్ ఇవ్వాలి. ఆమీన్.

ఖుదా హాఫిజ్.